శైలు బల్ల మీది తాళంచెవులు

ఈ రోజు గుడియాత్తంలో మా అక్క కూతురి బడిలో సైన్సు ఎగ్జిబిషన్ ఉంటే బాగాయం నుంచి బస్సెక్కి వెళ్లాను. ఏడో తరగతి చదివే మా శైలు బల్ల మీద ఒక తాళం, గంపెడు తాళంచెవులు పెట్టింది. జబ్బు తాళమట, మందు తాళంచెవి అట. శాస్త్రవేత్తలు ఒక్కొక్కటే తిప్పి చూస్తే ఏళ్లు పడుతుంది. కృత్రిమ మేధ పాత తాళాలను చూసి నేర్చుకుని, సరిపోయేలా ఉన్న నాలుగు తాళంచెవులను ముందే ఏరి ఇస్తుందట.

బహుమతులు నిర్ణయించడానికి వచ్చిన పెద్దాయన విసుక్కున్నాడు. "ఇదంతా పిల్లోళ్లకు అర్థమవుతాదా? తీసేయ్ మా."

"తీయను సార్. పిల్లోళ్లనే అడగండి," అంది శైలు.

పొద్దుటి నుంచీ అక్కడే నిలబడి వింటున్న మూడో తరగతి పాపను ఆయన అడిగాడు. "అంతా మిషనే కనుక్కుంటే మనుషులు ఎందుకు పాపా?"

"మిషను ఏరి ఇస్తాది సార్, అంతే. తెరుచుకునిందా లేదా మనమే కదా తిప్పి చూడల్ల!"

ఆయన పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. బహుమతి మాత్రం పొగ కక్కే అగ్నిపర్వతం బొమ్మకు ఇచ్చారు. ప్రతి ఏడూ దానికేనట. శైలు బల్ల తీయలేదు. సాయంత్రం గంట కొట్టేదాకా పిల్లలు వరుసకట్టి తాళం తిప్పుతూనే ఉన్నారు.

ఇన్నేళ్లుగా ఆ అగ్నిపర్వతం కొత్తగా ఏం కనిపెట్టిందో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.