పిడికెడు బొంబాయి రవ్వ

ఆ రోజుల్లో నాకు ప్రతిదీ ఎందుకో తెలుసుకోవాలనే ఉబలాటం తప్ప తెలిసింది మాత్రం సున్న. కడపలో కొత్తగా ఉద్యోగంలో చేరి, సాయంత్రాలు ఏమీ తోచక ఆడవాళ్ల బృందగానంలో కలిశాను. ఆరాధనోత్సవాల కాలం వస్తే చాలు, ఇవాళ బద్వేలు, ఎల్లుండి ఇంకో ఊరు, మధ్యలో ఊపిరి సలపనన్ని రిహార్సల్సు. తంబూరాకు తీగలు నాలుగే ఎందుకు, వయొలిన్‌ను గుండెకు ఆనించి ఎందుకు పట్టుకుంటారు అని నేను వేసే ప్రశ్నలకు మా టీచరమ్మ (వెనకాల మేం పెట్టుకున్న పేరు శ్రుతక్క) విసిగిపోయి, "ముందు పాడమ్మీ, అడిగేది తర్వాత" అనేది. అయినా కోయిలకుంట్ల కచేరీలో రెండు లైన్లు నన్ను ఒక్కదాన్నే పాడమంది. బాగా పాడితే కర్నూలు కచేరీలో ముందు వరస. లేదంటే మళ్లీ గోడ పక్కన వెనక వరసే.

తెర లేవడానికి కాస్త ముందు, డోన్ నుంచి వచ్చిన మృదంగం మామ నన్ను పిలిచాడు.

"అమ్మీ, పిడికెడు బొంబాయి రవ్వ దొరుకుతాదా యాడన్నా?"

పాపం, దారిలో తిండి లేదేమో, టిఫిన్ అడగడానికి మొహమాటపడి రవ్వ అంటున్నాడని నాకు క్షణంలో అర్థమైపోయింది (నాకు క్షణంలో అర్థమైనవన్నీ ఇలాంటివే). హాలు పక్కింట్లో అందరూ ఖాలా అని పిలిచే ముస్లిం పెద్దామె ఉండేది. ఆమెను బతిమాలాను. "అరే బేటీ, ఆకలితో ఏం వాయిస్తాడు!" అంటూ ఇంట్లో ఉన్న రవ్వంతా పోసి, నెయ్యీ జీడిపప్పూ వేసి ఉప్మా చేసింది. పొగలు కక్కుతున్న పళ్లెం తెచ్చి మామ ముందు పెట్టాను.

ఆయన ఉప్మాను చూసి, నన్ను చూసి, "ఇదేందమ్మీ?" అన్నాడు.

"ఉప్మా మామా. వేడిగా ఉంది, తినండి."

"నాకు గాదమ్మీ, మృదంగానికి!"

ఎడమ వైపు తోలు మీద తడి రవ్వ ముద్ద అంటిస్తే తప్ప ఆ గంభీరమైన నాదం పలకదట. ఉత్త తోలు మీద కొట్టి చూపించాడు, ఖాళీ డబ్బా చప్పుడు. ఇన్ని కచేరీల్లో ఆ తెల్లటి బిళ్లను చూసి నేను అలంకారమనుకున్నాను. లోకంలో అన్నీ అడిగినదాన్ని, ఆ ఒక్కటే అడగలేదు. "డబ్బా పెట్టుకోని పాడు పో నీ రెండు లైన్లు!" అంది శ్రుతక్క. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. పాట వినడానికి నా వెనకే వచ్చిన ఖాలా ఈ గొడవంతా చూసి, "రొట్టెల పిండి కలిపి పెట్నా, పనికొస్తాదా?" అంది.

"శానా బాగా పనికొస్తాదమ్మా!" అన్నాడు మామ.

గోధుమపిండి ముద్ద అంటుకుంది, తెర లేచింది. మృదంగం ధుమ్మంటే నా పొట్టలో అదిరింది. ఆ అదురుకు పిండి ఊడి పడదేమని నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను, నా లైను నన్ను దాటి వెళ్లిపోయింది. మామ కనురెప్ప కదపకుండా, అదేదో ముందే అనుకున్నట్టు తాళం ఇంకో చుట్టు తిప్పి నా దాకా తెచ్చి ఆపాడు. ఈసారి పాడాను. చప్పట్లు కొట్టారు, కర్నూలు ఖాయమైంది.

అంతా అయ్యాక చూస్తే మామ చల్లారిన ఉప్మాను పళ్లెం ఊడ్చి తింటున్నాడు. "పొద్దన్నుంచి ఏమీ తినల్యా అమ్మీ. ఇన్నేండ్లలో రవ్వ అడిగితే అందరూ రవ్వే ఇచ్చినారు. నాకు ఆకలైతాందేమో అనుకున్నేది నువ్వొక్కదానివే" అన్నాడు.

ఇప్పుడు ఆ బృందాన్ని నేనే నడుపుతున్నాను. ఎవరు ఏది ఎందుకు అడుగుతారో అన్నీ తెలుసు. మొన్న బద్వేలులో మృదంగం అబ్బాయి రవ్వ అడిగితే, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పొట్లం తీసి ఇచ్చేసి మైకుల సంగతి చూసుకోవడానికి వెళ్లిపోయాను. అతను బస్సెక్కాక గానీ గుర్తు రాలేదు, తిన్నావా అని అడగనేలేదని. అప్పటి ఆ ఏమీ తెలియని పిల్ల అక్కడ ఉండి ఉంటే, ఆపాటికి ఎవరింట్లోనో పొయ్యి వెలిగించి ఉండేది.