రాకెట్టు ఉక్కు

మా నాయన మామిడి అంట్లు కట్టేవాడు. ఐరాల దగ్గర మా తోటలో సగం చెట్లు ఆయన చేతి మీదుగా లేచినవే. అంటు కట్టడానికి మంచి కత్తి కావాలి. కొమ్మను ఏటవాలుగా ఒక్క కోతలో కోయాలి. కత్తి రెండోసారి ఆడిందంటే కోత ఎగుడుదిగుడవుతుంది, అంటు పట్టదు. ఆయన పాత కత్తి సానరాయి మీద అరిగి అరిగి చీపురుపుల్లంతయ్యాక, మా బావ కొత్తది కొనుక్కొచ్చి ఇచ్చాడు. ఎర్రటి పిడి, మొహం చూసుకునేంత నునుపైన స్టీలు. వారం తిరక్కుండానే దాని అంచు మడత పడింది. నాయన దాన్ని అమ్మకు ఇచ్చేశాడు. అమ్మ దానితో కొబ్బరి చిప్పల్లోంచి కొబ్బరి పెరికేది.

బావ అంటే మా అక్క మొగుడు. ఆయనకు తెలియని సంగతి ఉండేది కాదు. బోరు ఎక్కడ వేస్తే నీళ్ళు పడతాయో ఆయనకు తెలుసు. ఆయన చూపించిన చోట దుమ్ము లేస్తే అది భూమి తప్పు. నేనప్పుడు తిరుపతిలో ఒక పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పిల్లలకు లేతు, ఫిట్టింగు నేర్పేదాన్ని. ఆ సంగతి మాత్రం బావకు ఎప్పుడూ గుర్తుండేది కాదు. నేను టీచరునని చుట్టాలకు చెప్పి, ఆ వెంటనే "కుట్లు, అల్లికలు" అని కలిపేవాడు.

నాయనకు కత్తి నేనే చేసిస్తానని ఒక ఆదివారం భోజనాల దగ్గర అన్నాను. బావ పెరుగన్నం కలుపుతూ ఆగాడు.

"కత్తి చెయ్యడమంటే గరిట చేసినట్టు కాదు మరదలా. ఉక్కు తెలియాల. ఏ ఉక్కుతో చేస్తావు?"

"పాత ఆకురాయి యాడన్నా దొరికితే దాంతో" అన్నాను.

"ఆకురాయా? ఇనుమును అరగదీసేదాంతో మామిడి కొమ్మ కోస్తావా?" అని నవ్వి, మా నాయన వైపు తిరిగాడు. "నువ్వు ఉండు మామా. ఉక్కు నేను తెస్తా."

అన్నంత పనీ చేశాడు. రాకెట్లు ఎగరేసే చోటికి పక్కనున్న సూళ్లూరుపేటకు ఏదో పెళ్ళికి వెళ్ళి, అక్కడ పాతసామాన్ల అంగడిలో అరచెయ్యంత పలక ఒకటి కొనుక్కొచ్చాడు. తువ్వాలులో చుట్టి, పసిబిడ్డను దించినట్టు అరుగు మీద దించాడు.

"రాకెట్టుది. పైన ఆకాశంలో మంటల్లో పొయ్యే ఉక్కు ఇది" అన్నాడు.

చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. పాత రేడియోలోంచి ఊడదీసిన అయస్కాంతం తెచ్చి ఆనించాను. అంటుకోలేదు.

"ఇది ఉక్కు కాదు బావా. అల్యూమినియం. మా ఇంట్లో ఇడ్లీ పాత్రకు చుట్టం."

"రాకెట్టు ఉక్కు అయస్కాంతానికి అంటుకుంటే, రాకెట్టు నేలకే అంటుకోని ఉంటుంది కదా. అంతమాత్రం తెలియదా?"

దీనికి జవాబు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. పక్కిళ్ళవాళ్ళు నలుగురు అప్పటికే పోగయ్యారు. అందరూ తలలూపారు. నాయన మాత్రం ఆ పలకను చిటికెన వేలితో తట్టి తోటలోకి వెళ్ళిపోయాడు.

ఆ తరువాతి ఆదివారం పెరట్లో చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, అడుగు నుంచి గొట్టం పెట్టి, చేత్తో తిప్పే ఫ్యాను ఒకటి బిగించాను. బావ ముందుగా తన ఉక్కునే కాల్చాలన్నాడు. కాల్చాను. పలక ఎర్రబడలేదు. ముందు మూలలు వంగాయి, తరువాత నడుము వంగింది, చివరకు బొగ్గుల సందుల్లోకి పాయసంలా జారిపోయింది. గాలి ఆపేశాను. చూస్తున్నవాళ్ళలో ఒక ముసలాయన "ఇంతకీ రాకెట్టు పైకి పొయ్యిందా లేదా అప్పా?" అని అడిగాడు. బావ ఆయనకేసి చూడలేదు.

"కాక ఎక్కువ పెట్టినావు" అని నామీద కోప్పడి, భోజనం చేయకుండానే మోటారు సైకిలెక్కాడు.

ఇక నా ఆకురాయి వంతు. మా వర్క్‌షాపులో పళ్ళరిగి మూల పడేసినవి చాలా ఉండేవి. ఒక్కొక్కటే గ్రైండరుకు ఆనించి చూశాను. మెత్తటి ఇనుమైతే నిప్పురవ్వలు పొడుగ్గా జారిపోతాయి. కర్బనం ఎక్కువున్న ఉక్కైతే దీపావళి కాకరపువ్వొత్తిలా చివర చిటపటమని విచ్చుకుంటాయి. బాగా విచ్చుకున్నవి రెండు ఏరుకున్నాను. ఎర్రగా కాల్చి, బూడిదలో పూడ్చి, మెల్లగా చల్లారనిచ్చాను. అలా మెత్తబడ్డ ఉక్కును కోసి, రాకి, ఒకదాన్ని కత్తి ఆకారానికి తెచ్చాను.

దాన్ని మళ్ళీ గట్టిపరిచే రోజున బావ వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నాకు పుస్తకం మీద నమ్మకం. ఈ రకం ఉక్కును కాల్చి నీళ్ళలో ముంచమని అందులో ఉంది. కత్తి ఎర్రబడి, చాలినంత కాక ఎక్కిందనడానికి గుర్తుగా అయస్కాంతం పట్టు వదిలిన క్షణాన పటకారుతో తీసి బకెట్లో ముంచాను. టింగుమంది. బయటికి తీస్తే అంచు నుంచి వీపు దాకా వెంట్రుకంత పగులు. చేత్తో వంచితే చెగోడీలా విరిగింది. ఇంత పలచటి కత్తి సంగతి పుస్తకం రాసినాయన చెప్పడం మరిచిపోయినట్టున్నాడు.

బావ ఆ ముక్కలను ఏరి పక్కపక్కన పేర్చాడు. అంత ప్రేమగా ఆయన మా అక్క చెయ్యి కూడా పట్టుకుని ఉండడు.

"నాదన్నా కరిగింది. నీది రెండయ్యింది. ఇంక కుట్లు, అల్లికలు నేర్పుకో మరదలా."

నాకు ఏడుపొచ్చింది కానీ ఆయన ముందు ఏడవలేదు. రెండో ఆకురాయితో మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి అంచు పూర్తిగా పలచన చేయకుండా కాస్త మందం ఉంచాను. నీళ్ళకు బదులు అమ్మ దగ్గర శెనక్కాయ నూనె అడిగి, గోరువెచ్చగా చేసి, అందులో ముంచాను. బుస్సుమని పొగ లేచింది, చుట్టుపక్కలంతా బజ్జీల వాసన. పగల్లేదు. గీస్తే కొత్త ఆకురాయి కూడా దానిమీద జారిపోయింది. కానీ అంత గట్టిదనం గాజు గట్టిదనం, కింద పడితే విరుగుతుంది. సన్నటి సెగలో మళ్ళీ కాచి కొంచెం పొగరు దించాలి.

అందుకు అక్క ఇంట్లోని కేకు ఓవెన్ పనికొచ్చింది. బావ సరదాపడి కొన్నది. అందులో ఒక్క కేకూ కాలలేదు, మురుకుల డబ్బా దాచుకునేవాళ్ళు. బావ చిత్తూరు వెళ్ళిన రోజు చూసి, మురుకులు బయట పెట్టి, కత్తిని మెరిసేలా రుద్ది లోపల పెట్టాం. అక్కా నేనూ పొయ్యి ముందు కూర్చున్నట్టు దాని ముందు కూర్చున్నాం. తెల్లటి ఉక్కు మెల్లగా ఎండిన వరిగడ్డి రంగుకు తిరిగింది. పొగరు దిగిందనడానికి అదే గుర్తు.

"ఇంతేనా? దీనికా ఆయన అన్ని మాటలు మాట్లాడింది?" అంది అక్క.

చింతకొయ్య పిడి వేసి, సానబట్టి, నాయనకు ఇచ్చాను. ఆయన చేతి మీద వెంట్రుకలు గీరి చూసుకున్నాడు. తోటలోకి వెళ్ళి కొమ్మ ఒకటి కోసి, కోతను వెలుతురుకు పెట్టి చూశాడు.

"బాగుండాది పాపా" అన్నాడు. కత్తిని పిడికిట్లో తిప్పి చూసి, "పిడి ఇంకొంచెం లావుండాల్సింది" అన్నాడు. మా నాయన మెచ్చుకోవడమంటే అదే.

ఆ వానాకాలం అంట్లు బాగా పట్టాయి. బావ వచ్చి చూశాడు. నన్ను నేరుగా అడగలేక అక్క చేత అడిగించాడు, తన తోటకూ ఒక కత్తి కావాలని. చేసిచ్చాను, పిడి కాస్త లావుగానే.

కొన్నాళ్ళకు అక్క బస్టాండులో కనిపించి, నవ్వు ఆపుకోలేకపోయింది. బావ తన అన్నదమ్ములకు ఆ కత్తి చూపించి, మద్రాసులో కొన్నానని చెప్పాడట. మరదలు చేసిందంటే వాళ్ళు కోసి చూడకుండానే మొండిదంటారని భయపడ్డాడేమో. వాళ్ళకూ ఒక్కొక్కటి కావాలట.

"మద్రాసులో యాడ కొన్నాడంట?" అన్నాను.

"అంగడి పేరు మరిచిపొయ్యినాడంట" అంది అక్క.