లాకు దగ్గర దిగిపోయాను

నిన్న వానకు తడిసిన పాత తలుపొకటి మా గోడకు ఆనించారు. ఆ నానిన చెక్క వాసన తగలగానే పంతొమ్మిదొందల ముప్పైల నాటి ఏలూరు కాలువా, లాకు తలుపులూ, దీనమ్మ టీచరుగారూ గుర్తొచ్చారు. వాటి వెనకే ఇంగ్లీషు కోలన్, సెమీకోలన్ కూడా.

మాది కైకలూరు అవతల కొల్లేటి లంక. టీచరు ట్రైనింగుకని మొదటిసారి పడవలో ఏలూరు బయల్దేరాను. మా కొల్లేట్లో పడవ ఆగిందంటే ఊరొచ్చినట్టే. అందుకని కాలువకు అడ్డంగా రెండు తలుపుల మధ్య కట్టిన లాకులో పడవ ఆగి, నీళ్ళు నిండి గట్టుకు సమంగా లేవగానే మూట చంకన పెట్టుకుని దిగిపోయాను. ముందు తలుపు తెరుచుకుంది, పడవ కదిలింది. అందులో కూర్చున్న తెల్లచీరావిడ పడవ ఆపించి, "ఇది లాకమ్మా. నీళ్ళు సమమయ్యేదాకా ఆగామంతే. ఎక్కు," అన్నారు. మర్నాడు ఇంగ్లీషు క్లాసులోకి దీనమ్మ టీచరుగారంటూ ఆవిడే వచ్చేసరికి సిగ్గుతో చచ్చిపోయాను.

నాకు ప్రశ్నలెక్కువ. మన పాత పుస్తకాల్లో నిలువుగీతతో సరిపెట్టుకున్నారు కదా, ఈ దొరలకు ఆగడానికి ఇన్ని గుర్తులెందుకని అడిగాను. ఆవిడ సంబరపడ్డారు. కోలన్ పెట్టడమంటే మాటివ్వడమట. సంతలో మూడు వస్తువులు కొన్నానని కోలన్ పెడితే, అవేమిటో వెంటనే చెప్పి తీరాలి. సెమీకోలన్‌కు అటూ ఇటూ ఉన్నవి దేనికది పూర్తి వాక్యమే. రాత్రంతా వాన కురిసింది అని ఒకటి, చేను మునిగింది అని ఒకటి. మధ్య చుక్క పెట్టినా తప్పు కాదు, కానీ ఆ రెండూ చుట్టాలని తెలియాలంటే సెమీకోలనే పెట్టాలన్నారు. నేను పైకి చదువుతూ అక్కడ పూర్తిగా ఆగిపోతే, మళ్ళీ లాకు దగ్గర దిగావని నవ్వేవారు. నాకు ఒళ్ళు మండేది.

ఆ ఏడాది వానల్లో నాన్న జ్వరంతో పోయారు. చదువు మానేసి వచ్చెయ్యమని అమ్మ కబురు పంపింది. మూట కట్టుకుని టీచరుగారి దగ్గరికి వెళ్ళాను.

"వెళ్తానండి. ఇంక నా చదువు అయిపోయిందండి."

ఆవిడ నా మూట తీసుకుని బల్లమీద పెట్టి, నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చారు.

"అమ్మ దగ్గర ఉండాల్సినన్నాళ్ళు ఉండు. అయిపోయిందని మాత్రం అనకు. పడవ నేను ఆపిస్తాను," అన్నారు.

అప్పుడు ఏడ్చాను, నాన్న పోయాక మొదటిసారి. కోతలయ్యాక, అమ్మను ఒప్పించి, తిరిగి వెళ్ళాను. క్లాసులో నా చోట ఆవిడ ఎవరినీ కూర్చోనివ్వలేదు.

తర్వాత తాడేపల్లిగూడెంలో ఏళ్ళ తరబడి ఇంగ్లీషు చెప్పాను. బడి మానేస్తున్నామండీ అని ఆడపిల్లలు వచ్చి నిలబడితే, ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చేదాన్ని. వాళ్ళ చోటు ఖాళీగానే ఉంచేదాన్ని. కొందరు తిరిగొచ్చారు; కొందరు రాలేదు. రానివాళ్ళ పేర్లు కూడా నాకింకా గుర్తే.