నల్ల తీగ, తెల్ల తీగ

వెర్నా హస్కిల్ చేతులు రెండూ మోచేతుల దాకా ఇంటిబస్సు మెట్టు కింది పెట్టెలో ఉన్నాయి. బ్యాటరీల కొనల మీద పచ్చగా, తెల్లగా పేరుకున్న చిలుమును తీగల బ్రష్షుతో గీకుతోంది. ఎంత గీకినా పొడి రాలుతోందే గానీ అడుగున సీసం తగలడం లేదు. ఒక మూత విప్పి టార్చి వేసింది. లోపల చుక్క నీరు లేదు.

"నీళ్లెప్పుడు పోశారే?" అంది తల ఎత్తకుండానే.

"ఆయన మోకాళ్లు వంగడం మానేసిన రోజు నుంచీ పోయలేదు," అంది మెట్టు మీద నిలబడ్డ ఒడెస్సా. "బ్యాటరీలకి దాహమేస్తుందని నాకెవరు చెప్పారు?"

లోపల కుర్చీలోంచి ఆమె మొగుడు డెల్బర్ట్ గొంతు వచ్చింది. మాటకీ మాటకీ మధ్య గాలి కోసం ఆగుతున్నాడు. "చెప్పాను... నువ్వు రేడియో... వింటున్నావు."

"నువ్వు ఊరుకో. ఈ బస్సుకి చేసిన సేవలో సగం నీ ఊపిరితిత్తులకి చేసుంటే ఇవాళ నాకీ ఖర్మ ఉండేది కాదు."

డెల్బర్ట్ ముక్కుకు గొట్టం ఉంది. ఆ గొట్టానికి మామూలుగా గాలి ఇచ్చేది కరెంటు మిషను. పొద్దున జనరేటరు రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. దాంతోపాటు మిషనూ ఆగింది. ఇప్పుడు గొట్టాన్ని ఉన్న ఒక్క సిలిండరుకి తగిలించారు. దాని ముల్లు ఎర్రగీత వైపు దిగుతోంది. కొత్త సిలిండర్లు తెచ్చే బండి వచ్చే వారం గానీ రాదు.

మార్చి ఎండ ముదిరితే క్వార్ట్‌సైట్ ఎడారిలో చలికాలమంతా ఇంటిబళ్లలో మకాం వేసిన జనం ఉత్తరానికి తరలిపోతారు. అప్పటికే అందరూ పోయారు. ఇంజను చెడి కదలలేక డెల్బర్ట్ పాత ఇంటిబస్సు మిగిలింది. వాళ్లని వదిలి వెళ్లలేక వెర్నా ఉండిపోయింది. ఆమె ఉండేది పికప్పు వెనక తగిలించిన చిన్న ట్రెయిలర్‌లో. అక్కడ ఫోనుకి సిగ్నలు లేదు. ఊరు వెళ్లాలంటే ఎండిన వాగుల్లో గంటల తరబడి కుదుపులు తినాలి.

నెబ్రాస్కాలో స్కూలు బస్సుల షెడ్డులో జుట్టు నెరిసేదాకా పనిచేసింది వెర్నా. ఇంటిబళ్ల కరెంటు పని ఆమెకి ఎవరూ నేర్పలేదు. కాలిపోయిన తీగల్ని విప్పి చూసి నేర్చుకుంది. ఎడారిలో ఎవరి బండి చీకటైనా ఆమె తలుపే తట్టేవారు. సలహా అడిగితే ముందు "మీటరు ఏం చెప్పింది?" అనేది. కబుర్లకి కూర్చుంటే మాత్రం కాఫీ చల్లారకముందే లేచిపోయేది.

"ఇవి చచ్చాయి. నావి తెస్తాను," అని లేచింది.

పోయిన చలికాలమే పెట్టుకున్న లిథియం బ్యాటరీలను తన ట్రెయిలర్‌లోంచి ఊడదీసింది. ఆమె ఫ్రిజ్ ఆగిపోయింది. ఆమె ఇన్వర్టరు ఫ్యానుకి తప్ప పనికిరాదు. డెల్బర్ట్ సోఫా కింద పెద్ద ఇన్వర్టరు ఉంది. బ్యాటరీ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చి మిషనుని నడిపించే శక్తి దానికి ఉంది. నేల కింద నుంచి దానికి వెళ్లే లావు తీగలు రెండు, ఒకటి నల్లది, ఒకటి తెల్లది. చిలుము తినేసిన కొనల్ని ముందే కోసి పారేసింది కాబట్టి కొత్త కొనలు నొక్కి బిగించింది. కొత్త బ్యాటరీ దగ్గర పెద్ద ఫ్యూజు పెట్టింది.

ఇంతలో లోపల డెల్బర్ట్‌కి దగ్గు తెర వచ్చింది. ఎంతకీ ఆగలేదు. "వెర్నా! పెదాలు నీలంగా అవుతున్నాయే!" అని ఒడెస్సా అరిచింది.

వెర్నా చేతులు తొందరపడ్డాయి. బస్సు షెడ్డులో నేర్చిన చేతులవి. బస్సులో నల్ల తీగ ఎప్పుడూ మైనసే. నల్లదాన్ని మైనస్‌కి బిగించి, తెల్లదాన్ని ప్లస్‌కి తాకించింది.

టప్పుమంది. సోఫా కింద నుంచి కాలిన వాసన వచ్చింది.

ఇంటిబస్సు అంటే ఇల్లూ బస్సూ రెండూ. ఇంజను వైపు బస్సు వాళ్ల లెక్క. వెనక గదుల్లో తీగలు లాగింది ఇళ్లు కట్టేవాళ్లు, వాళ్ల లెక్కలో నల్లదే కరెంటు మోసే ప్లస్, తెల్లది కరెంటు తిరిగొచ్చే మైనస్. మెట్టు కింది పెట్టెలో ఈ రెండు లెక్కలూ కలుస్తాయి. ఇక్కడ ఏదో ఒకటి కాల్చుకోనివాడు ఎడారిలో లేడు. "రంగు చూడకు, తీగని చివరిదాకా చేత్తో పట్టుకుని పో" అని అందరికీ చెప్పేది వెర్నాయే.

"ఏమైంది?" అంది ఒడెస్సా.

"నేను తగలబెట్టాను."

ఒడెస్సా తిట్టకుండా వెళ్లి మొగుడి వీపు నిమిరింది. తిట్టినా బాగుండేది.

వెర్నా సోఫా పలక లేపి, ఇన్వర్టరు మూత విప్పింది. లోపలి సర్క్యూట్ బోర్డు మీద వరసగా టంకం వేసిన ఫ్యూజులన్నీ నల్లబడ్డాయి. వాటి వెనకున్న భాగాలని ఒక్కొక్కటిగా మీటరుతో తాకింది. ఎక్కడా షార్టు చూపించలేదు. అంటే బతికి ఉండొచ్చు. ఉండకపోనూ వచ్చు.

"కొత్త ఫ్యూజులు వెయ్యాలి. ఈ బస్సువి పాత గాజు గొట్టాలు, పనికిరావు. ఇంత పెద్దవి నా పికప్పులోనే ఉన్నాయి." కిటికీలోంచి పికప్పు వైపు చూసింది. "అవి తీసి, వాటి రేకు కాళ్లు పొట్టిగా కోసి టంకం వేస్తే ఇక పికప్పు స్టార్ట్ కాదు. ఆస్పత్రికి పోవాలంటే ఇప్పుడే బయల్దేరాలి."

"ఆ సిలిండరు ఊరి దాకా వస్తుందా?"

"కుదుపుల్లో ఆయన దగ్గుతూ పీలిస్తే... తెలీదు. దారి మధ్యలో అయిపోతే నా చేతిలో ఏమీ ఉండదు."

"ఇక్కడైతే?"

"ఇక్కడైతే నా చేతిలో పనుంటుంది. అయితే ఆ పని ఫలిస్తుందని ప్రమాణం చెయ్యలేను."

ఒడెస్సా మొగుడి వైపు చూసింది. డెల్బర్ట్ చెయ్యి చాచి, బల్ల మీదున్న పికప్పు తాళం తీసుకుని తన చొక్కా జేబులో వేసుకున్నాడు. "నీ డ్రైవింగు... నాకు తెలుసు. దానికన్నా... టంకమే... నయం."

"నోరు మూసుకుని గాలి పీల్చుకో, ముసలోడా," అంది వెర్నా. అప్పటికే మెట్లు దిగేసింది.

గ్యాసుతో కాలే చిన్న టంకం కడ్డీ ఆమెది. కాళ్లు కోసిన ఫ్యూజుల్ని ఒక్కొక్కటే నిలబెట్టి టంకం పోసింది.  పక్కన ఒడెస్సా సిలిండరు ముల్లు మీద నుంచి కళ్లు తిప్పలేదు. "గీత మీదికొచ్చింది," అంది. కాసేపటికి, "గీత దాటింది," అంది. వెర్నా తర్వాతి ఫ్యూజు నిలబెట్టింది. 

ఈసారి తెల్ల తీగని ఇన్వర్టరు నుంచి మెట్టు కింది దాకా చేత్తో పట్టుకుంటూ, మోకాళ్ల మీద పాక్కుంటూ వచ్చింది. మైనస్‌కి బిగించింది. నల్ల తీగకి ఎర్ర టేపు చుట్టింది. దాన్ని నేరుగా తాకించలేదు, మధ్యలో కారు హెడ్‌లైటు బల్బు పెట్టింది. ఇన్వర్టరు లోపల చచ్చి ఉంటే బల్బు వెలుగుతూనే ఉంటుంది. బతికి ఉంటే ఒక్కసారి వెలిగి ఆరిపోతుంది.

తాకించింది. బల్బు భగ్గున వెలిగింది.

వెలుగుతూనే ఉంది. "దేవుడా," అంది వెర్నా, ఏ దేవుడినీ పిలిచే అలవాటు లేకపోయినా. బల్బు పసుపయింది. ఎర్రబడింది. లోపలి తీగ ఒక్కటే నిప్పు నూలుపోగులా మిగిలి, అదీ ఆరిపోయింది.

బల్బు తీసేసి నల్ల తీగ బిగించింది. లోపలికెళ్లి మీట నొక్కింది. ఇన్వర్టరు సన్నగా మూలిగింది. ఆక్సిజన్ మిషను కీచుమని అరిచి, ఒకసారి ఒళ్లు విదిలించి, ధన్ ధన్ మని కొట్టుకోవడం మొదలెట్టింది. ఒడెస్సా గొట్టం మార్చింది.  డెల్బర్ట్ పెదాల నీలం దిగడానికి చాలాసేపు పట్టింది.

"కరెంటు డాక్టరమ్మా," అన్నాడు చివరికి. "నా బస్సుని... చంపబోయావు."

"నిన్ను కూడా," అంది వెర్నా. నవ్వలేదు.

నిచ్చెనెక్కి పైకప్పు మీది సోలారు పలకల దుమ్ము తుడిచింది. వాటి ఛార్జరుని కొత్త బ్యాటరీలకి తగ్గట్టు మార్చింది. దిగొచ్చి ఒడెస్సాని లోపల, ఇన్వర్టరు మీటా బ్యాటరీ అంకే కనిపించే చోట కూర్చోబెట్టింది.

"ఫ్రిజ్ వద్దు, లైటు వద్దు, రేడియో కూడా వద్దు. మిషను ఒక్కటే. అలా అయితేనే తెల్లారేదాకా లాగుతుంది, ఎండెక్కితే మళ్లీ నిండుతుంది. ఈ బ్యాటరీ అంకె ఇరవై శాతానికి దిగితే నన్ను లేపు. పొద్దున్నే చల్లగా ఉండగా నడిచి రోడ్డెక్కి, ఏదైనా బండి ఆపి సిలిండర్ల కోసం చూస్తాను."

"నీ కాళ్లతో?"

"వేరేవాళ్ల కాళ్లు లేవుగా. ఇప్పుడు నువ్వు ఆపి, నువ్వే వెయ్యి. నేను ముట్టుకోను."

ఒడెస్సా మీట ఆపింది. గదిలో మిషను చప్పుడు పోయింది. డెల్బర్ట్ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. ఆమె వేళ్లు తడబడి, మీట మీద సర్దుకుని, మళ్లీ నొక్కాయి. మిషను కొట్టుకుంది.

"అంకె చదువు," అంది వెర్నా.

ఒడెస్సా చదివింది. వెర్నా బయటికొచ్చి మెట్టు కింది పెట్టె మూత వేసి, గడియ బిగించి, స్పానర్లు ఏరుకుని చీకటిగా ఉన్న తన ట్రెయిలర్ వైపు నడిచింది.