తోడొచ్చినవాళ్ళ వరస

తాళం వేసిన తలుపును మూడుసార్లు లాగి చూసే మనిషి వీరవేణి. ఆత్రేయపురం నుంచి కాకినాడ వచ్చి, మెదడు జబ్బుల డాక్టర్ శివరామరాజు గారి దగ్గర కంప్యూటర్ పనిలో చేరిన నాలుగేళ్ళలో ఆ చాదస్తాన్ని ఎగతాళి చెయ్యనివాళ్ళు లేరు. 2006లో ఆ చాదస్తమే ఆమె ఉద్యోగానికి ఎసరు పెట్టింది.

రాజుగారు మతిమరుపు రోగులు పన్నెండు మందికీ, వాళ్ళకు తోడొచ్చిన అదే ఈడువాళ్ళు పన్నెండు మందికీ మెదడు స్కానులు తీయించారు. వాటిని పోల్చే పని వీరవేణిది. స్కాను రోగిదైతే కంప్యూటర్ పట్టికలో మొదటి వరసలో ఒకటి, రెండో వరసలో సున్నా వెయ్యాలి. తోడొచ్చినవాళ్ళకు సున్నా, ఒకటి. ఆపైన తోడొచ్చినవాళ్ళ కంటే రోగుల్లో మెదడు ఎక్కడ తగ్గిందో కంప్యూటర్ లెక్కకట్టి చూపిస్తుంది. చూపించింది కూడా, చింతగింజంత ఎర్ర మచ్చ. సాయంత్రం అయిదింటిలోగా ఆ ఫలితం విశాఖలో జరిగే డాక్టర్ల సదస్సుకు వెళ్తే ఆమెకు మరో ఏడాది పని ఉంటుంది. వెళ్ళకపోతే నెలాఖరుకు ఇంటికే.

మూడింటికి ఆమె స్కానుల జాబితా మళ్ళీ సరిచూద్దామని తీసింది. ఒకే రోజు తీసిన రెండు స్కానుల మీదా చిట్టియ్య అనే రోగి పేరే ఉంది. మనవాళ్ళ సంగతి తెలిసిందే, ఆస్పత్రిలో ఎవరిని పేరడిగినా రోగి పేరే చెబుతారు. తోడొచ్చిన తమ్ముడు బుల్లబ్బాయి తన వంతులోనూ అన్న పేరే చెప్పాడు. ముందు తీసింది రోగికే అయి ఉంటుందనుకుని అప్పట్లో ఈవిడ ఒకట్లూ సున్నాలూ వేసేసింది.

రాజుగారు రెండు బొమ్మలూ చూశారు. ముందు తీసిన మెదడు కుంచించుకుపోయి ఉంది కాబట్టి రోగి అతనేనని, ఉన్నదున్నట్టు పంపెయ్యమని అన్నారు.

వీరవేణి ఊరుకోలేకపోయింది.

“కుంచించుకుపోయిందని రోగుల్లో వేసి, రోగులకే కుంచించుకుపోయిందని ఎలా రాస్తామండి?”

ఆయన మొహం మాడ్చుకున్నారు. అయినా ఫోను ఆమె వైపు జరిపారు.

రావులపాలెంలో చిట్టియ్య భార్య అచ్చాయమ్మ ఎత్తింది. ఆ రోజు మిషన్లోకి ముందు ఎవరు వెళ్ళారని వీరవేణి అడిగింది.

“మా మరిదేనండి. మా ఆయన భయపడిపోతుంటే, ఏం కాదు అన్నియ్యా, చూడు అని ముందు తను పడుకున్నాడండి.”

వీరవేణి ఆ రెండు పేర్ల దగ్గర అంకెలు మార్చి, లెక్క మళ్ళీ నడిపించింది. నాలుగున్నరకు బొమ్మ వచ్చింది. మచ్చ లేదు. చేజేతులా పని పోగొట్టుకున్నానని ఆమెకు ఏడుపొచ్చింది.

రాజుగారు ఆ తెర వంకే చూడలేదు. కుంచించుకుపోయిన ఆ మెదడు ఏ జబ్బూ లేదనుకున్న బుల్లబ్బాయిది; ఆ బొమ్మను ముందేసుకుని కూర్చున్నారు. అయిదు దాటిపోయింది. అప్పుడు నెమ్మదిగా, అతన్ని రేపే తీసుకురమ్మని ఫోను చెయ్యమన్నారు.

మరిదిని తీసుకురమ్మన్న కబురు విని అచ్చాయమ్మ అడిగింది.

“మా ఆయన్ని ఎక్కడికైనా పట్టుకెళ్ళేదే అతనండి. ఇప్పుడతన్ని ఎవరు తీసుకురావాలండి?”