వానలో చూపించే మనిషి

మా స్టాఫ్ రూములో ఎవరు స్థలం కొనాలనుకున్నా ఇప్పటికీ నా దగ్గరికే వస్తారు. మంచి బ్రోకర్‌ని ఎలా పోల్చుకోవాలి మాస్టారూ అని అడుగుతారు. మా అక్కకి స్థలం చూసిపెట్టింది నేనేనని, కాగితాలన్నీ దగ్గరుండి పరిశీలించానని వాళ్లకి తెలుసు. ఆ తర్వాత ఏం జరిగిందో తెలియదు. నేను చెప్పలేదు. ముప్పై ఏళ్లుగా పిల్లలకి లెక్కలు చెబుతున్నవాడు తన లెక్క తప్పిందని నలుగురిలో ఒప్పుకోవడం అంత తేలిక కాదు. కనీసం కాగితం మీదైనా ఒప్పుకుందామని కూర్చున్నాను.

మా అక్క నాకంటే పదేళ్లు పెద్దది. అమ్మ పోయేనాటికి నాకు ఏడేళ్లు. అప్పట్నుంచి నాకు తల దువ్వింది, అన్నం కలిపి పెట్టింది, పెళ్లయి రాజమండ్రి వెళ్తూ నన్నూ వెంటబెట్టుకుని వెళ్లింది. బావగారు మంచాయన కాబట్టి సరిపోయింది. రెండు గదుల అద్దె వాటాలో ముందు గదిలో అక్క మిషన్ కుట్టేది, ఆ చప్పుడులోనే నేను చదువుకునేవాణ్ణి. నా కాలేజీ ఫీజులన్నీ ఆమె కుట్టిన జాకెట్లే. వాళ్లకి పిల్లలు లేరు. బావగారు పోయాక ఆమెకి మిగిలినవి ఆ కుట్టుమిషనూ, ఆయన ఆఫీసు వాళ్లిచ్చిన డబ్బూ. నలభై ఏళ్లలో ఎన్ని ఇళ్లు మారిందో ఆమెకే గుర్తులేదు. నన్ను ఒక్కటే అడిగింది. మిషన్ పెట్టుకోవడానికి కిటికీ ఉండాలి, ఎవరూ ఖాళీ చేయమనకూడదు, అలాంటి ఇల్లు ఒకటి చూసిపెట్టమంది. జీవితంలో ఆమె నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

అది మే నెల. బడికి సెలవులు. స్థలం కంటే ముందు స్థలం చూపించే మనిషిని చూడాలన్నది నా సిద్ధాంతం. మనిషి మంచివాడైతే స్థలం దానంతటదే మంచిదవుతుందని అక్కకి ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఒక నోటు పుస్తకం తీసి, మాటతీరుకి ఇన్ని, కాగితాలకి ఇన్ని, వేళకి రావడానికి ఇన్ని అని పదికి మార్కులు వేయడం మొదలుపెట్టాను. అక్క చూసి నవ్వింది. బ్రోకర్లకి కూడా పరీక్షలు పెడుతున్నావా అంది.

మొదటాయన పెద్దమనిషి, డెబ్భైకి దగ్గర్లో ఉంటాడు. కడియం వెళ్లే దారిలో కాలువ వంతెన పక్కన టీ కొట్టు దగ్గర కలుద్దామన్నాడు. చెప్పిన వేళకి అరగంట ఆలస్యంగా పాత మోపెడ్ మీద వచ్చాడు. లుంగీ, పైగుండీ ఊడిపోయిన చొక్కా, హ్యాండిల్‌కి తగిలించిన గొడుగు. నమస్కారం లేదు, ఏమీ లేదు. కూర్చుంటూనే ప్రశ్నలు. ఇంట్లో ఎవరుంటారు, ఒక్కరేనా, ఏం పని చేస్తారు, పనికోసం జనం ఇంటికి వస్తారా, మోకాళ్లు బాగున్నాయా, మెట్లెక్కగలరా? పెళ్లిచూపులకి వచ్చామా స్థలం చూడ్డానికి వచ్చామా అనిపించింది నాకు. విసుగు దాచుకుని, సరేనండి, పదండి చూపించండి అన్నాను.

"ఇప్పుడా? కాలువలు కట్టేశారు కదండి. ఇప్పుడు ఏ స్థలం చూసినా బాగానే ఉంటుంది. శ్రావణంలో రండి. వాన పడుతున్నప్పుడు చూపిస్తాను. అప్పుడు నచ్చితే కొనుక్కోండి" అన్నాడాయన.

మా డెల్టాలో పుట్టినవాడికి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ఏటా వేసవిలో మరమ్మతులకని బ్యారేజీ దగ్గర కాలువలు కట్టేస్తారు. రెండు నెలలపాటు ఎక్కడా చుక్క నీరు కదలదు. చేలు నెర్రెలిస్తాయి, కాలువ అడుగున పిల్లలు క్రికెట్ ఆడతారు. ఏది పల్లమో ఏది మెరకో కంటికి ఆనదు. జూన్‌లో కాలువలు వదిలి, పైన వానలు పడ్డాకే నేల నైజం బయటపడుతుంది. ఇదంతా నాకూ తెలుసు. తెలిసి కూడా ఆ రోజు నా బుర్రకి తట్టింది ఒకటే. ఈయన దగ్గర చూపించడానికి స్థలాలు లేవు, ఎండలో తిరగడానికి బద్ధకం, పైగా మాట పెళుసు. మూడు మార్కులు వేశాను. ఆ మూడూ వయసుకిచ్చిన గౌరవం.

రెండో అతనికి ముప్పై ఏళ్లుంటాయి. తెల్ల చొక్కా, ఏసీ కారు, మొదటి రింగుకే ఫోనెత్తడం. నన్ను మాస్టారు గారండీ అనీ, అక్కని మేడమ్ గారండీ అనీ పిలిచాడు. మా అక్కని అంతకుముందు ఎవరూ మేడమ్ అనలేదు. వెనక సీట్లో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంది. దారిలో కారాపి కొబ్బరిబోండాలు కొట్టించాడు. లేఅవుట్ అనుమతి, లింకు డాక్యుమెంట్లు, స్థలం మీద అప్పుల్లేవని చూపే ఈసీ, అన్నీ ఒక ఫైల్లో వరసగా కుట్టి ఉన్నాయి. మా బడిలో హెడ్మాస్టరు గారి ఫైలు కూడా అంత పద్ధతిగా ఉండదు. మాటకి ముందొక అండి, వెనకొక అండి. మర్యాదకి మా వైపు వాళ్లం ఎంత తొందరగా లొంగిపోతామో అతనికి బాగా తెలుసు. ఎనిమిదిన్నర వేశాను.

అతను చూపించిన స్థలం చివరి వరసలో తూర్పు ముఖంగా ఉంది. ఒకప్పుడు వరిచేను, మట్టి తోలి మెరక చేశారు. కొత్త గ్రావెల్ రోడ్డు, రోడ్డుకి రెండు వైపులా నర్సరీ నుంచి తెచ్చిన పామ్ మొక్కలు. స్థలం వెనక ఎండిపోయిన డ్రెయిన్, అందులో మేకలు మేస్తున్నాయి. అక్క స్థలం మధ్యకి వెళ్లి నిలబడి, కాలితో మట్టిని నొక్కి చూసింది. తర్వాత అతని వైపు తిరిగి, "వానాకాలం ఇక్కడ నీళ్లొస్తాయా బాబూ?" అని అడిగింది.

అతను నోరు తెరిచాడు. అతను ఏం చెప్పేవాడో నాకు ఎప్పటికీ తెలియదు. ఎందుకంటే నేనే ముందు అందుకున్నాను. "ఇంత మెరక చేసి రోడ్డు వేశాక ఇంక నీళ్లేంటక్కా" అన్నాను. మాస్టారు గారికి తెలియనిది ఏముందండి అని అతను నవ్వాడు. నేను పొంగిపోయాను.

కాగితాలు నిజంగానే శుభ్రంగా ఉన్నాయి. రిజిస్ట్రారు ఆఫీసుకి రెండుసార్లు వెళ్లి సరిచూసుకున్నాను కూడా. ఆ ఏడు వానలు అంతంత మాత్రం. దసరా వెళ్లాక శంకుస్థాపన చేశాం. పునాది ఇంకో రెండడుగులు లేపుదామండి అని తాపీ మేస్త్రి చెప్పాడు. అక్కకి మోకాళ్ల నొప్పులు, అన్ని మెట్లెక్కలేదు, మూడు మెట్లు చాలని నేనే తేల్చేశాను. మాఘమాసంలో గృహప్రవేశం అయింది. కిటికీ కింద మిషన్ పెట్టుకుంది. వెలుతురు ఎంత బాగుందిరా అని ఫోన్లో రోజూ అదే మాట. ఆ ఆరు నెలలూ ఉన్నంత సంతోషంగా ఆమెని నేనెప్పుడూ చూడలేదు.

స్థలాలన్నీ అమ్ముడయ్యాక ఒక రోజు నర్సరీ లారీ వచ్చి రోడ్డు పక్క పామ్ మొక్కల్ని తవ్వి పట్టుకుపోయింది. కుండీలతో సహా పాతిపెట్టారట. మొక్కల్ని అద్దెకి తెచ్చారురా అని అక్క నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను.

శ్రావణంలో మూడు రోజులు వదలకుండా వాన పట్టింది. గోదావరి పోటు మీద ఉంది. గోదావరి నిండుగా ఉంటే అందులో కలిసే ఇంటి వెనక డ్రెయిన్ నీళ్లు లాగదు, వెనక్కి తన్నుతుంది. పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. "ఒకసారి రారా. తొందరేం లేదు" అంది. చెప్పులు చేత్తో పట్టుకుని నడుం లోతు నీళ్లలో నడిచి వెళ్లాను. మూడు మెట్లెక్కినా ఇంట్లో మోకాళ్ల లోతు. అక్క మంచం మీద కూర్చుని ఉంది. పక్కనే మంచం మీద మిషను, దాన్ని ఎలా ఎత్తి పెట్టిందో తెలియదు. వరలక్ష్మీ వ్రతానికి ఇవ్వాల్సిన జాకెట్ల మూట ఒళ్లో పెట్టుకుంది. ఇవి తడిస్తే ఏం సమాధానం చెప్పనురా అంది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నీళ్లు నాలుగు రోజులున్నాయి. తీశాక గోడల మీద చుట్టూ మట్టి చార మిగిలింది. మరుసటి ఏడు కూడా అంతే.

ఆ ఇల్లు అమ్మేసి ఇంకోచోట చిన్నదైనా చూసుకుందామని అక్కని ఒప్పించి, ఆ పెద్దాయన్ని వెతుక్కుంటూ వెళ్లాను. గుర్తుపట్టాడు. ఎక్కడ కొన్నామో చెప్పాను. ఆ చుట్టుపక్కల నీళ్లన్నీ ఆ మూలకే దిగుతాయట. మోకాళ్ల గురించి ఎందుకడిగాడో అప్పుడు చెప్పాడు. మెట్లెక్కగలిగిన మనిషైతే మన నేలల్లో ఎత్తుగా కట్టుకోమంటాను, లేకపోతే ఆ వైపే వద్దంటాను అన్నాడు. నేను వెటకారంగా విన్న ప్రతి ప్రశ్నా ఆయన పనిలో భాగమే.

"అమ్మిపెడతాను. కానీ వానలో చూపించే అమ్ముతానండి. ఎత్తు పెంచుకునే ఓపిక ఉన్నవాడు చూసి కొనుక్కుంటాడు" అన్నాడు.

అక్క ఒప్పుకోలేదు. వానలో చూసి ఎవరు కొంటారురా, అమ్ముడయ్యేలోపు నేను ఈ నీళ్లలోనే పోతాను అంది. నాతో చెప్పకుండా ఆ కుర్ర బ్రోకర్‌కి ఫోన్ చేసింది. మొదటి రింగుకే ఎత్తాడు. మర్నాడే పళ్లు పట్టుకుని వచ్చి, ఎంత కష్టం వచ్చిందండి మేడమ్ గారండీ అని నిజంగానే బాధపడ్డాడు. ఇప్పుడు తొందరపడద్దని, కాలువలు కట్టేశాక మే నెలలో చూపిద్దామని, ఈలోగా గోడలకి రంగు వేయించమని చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను. ఆ పెద్దాయనకి తెలిసిన సంగతే ఇతనికీ తెలుసు. ఒకరు ఆ నెల తలుపు మూసుకుంటారు, ఇంకొకరు ఆ నెల తెరుస్తారు. నా నోటు పుస్తకంలో దానికి మార్కులే లేవు. అయినా కాదనలేకపోయాను. రంగు ఎంచింది కూడా నేనే, చార పైకి తేలకుండా ఉండేలా కాస్త ముదురు రంగు.

మొన్న మే నెలలో ఒక జంట చూడ్డానికి వచ్చారు. అతను కడియం నుంచి దూరప్రాంతాలకి మొక్కల లారీ నడుపుతాడు. బండెక్కితే ఇరవై రోజులకి గానీ ఇంటికి రాడట. ఆ అమ్మాయి చంకలో ఏడాది పాప. కిటికీ చూసి ముచ్చటపడింది, పాపకి ఉయ్యాల ఇక్కడ కడతాను అంది. అక్క అందరికీ మజ్జిగ ఇచ్చింది. ఇంచుమించు కుదిరిపోయినట్టే. బ్రోకర్ గుమ్మంలో నిలబడి, మాస్టారు గారే దగ్గరుండి కట్టించారండి అని నా వైపు చూపించాడు. ఆ అమ్మాయి నా వైపు తిరిగింది.

"మాస్టారండీ, వానాకాలం ఇక్కడ నీళ్లొస్తాయాండి?"

నేను అక్క వైపు చూశాను. అక్క చేతిలో పళ్లెం వంక చూస్తోంది. బ్రోకర్ చిరునవ్వుతో నిలబడ్డాడు, ఈసారి కూడా నన్నే చెప్పనిచ్చాడు. ఒక్క ముక్క అంటే చాలు, అక్క ఆ నీళ్లలోంచి బయటపడుతుంది. ఆ ముక్క నాకు బాగా వచ్చు కూడా. నా కళ్లకి మాత్రం ఈ అమ్మాయి మంచం మీద కూర్చుని, ఒళ్లో పాపతో, లారీ మీద ఎక్కడో ఉన్న మొగుడికి ఫోన్ చేస్తున్నట్టు కనిపించింది.

"వస్తాయమ్మా. శ్రావణంలో ఇంట్లోకే మోకాళ్ల దాకా వస్తాయి. నాలుగు రోజులుంటాయి" అన్నాను.

వాళ్లు మర్యాదగా మజ్జిగ తాగి, వెళ్లొస్తామండి అని చెప్పి వెళ్లిపోయారు. పర్లేదండి, ఇంకొకరిని చూద్దాం అని బ్రోకరూ వెళ్లాడు. గుమ్మంలో నేనూ అక్కా మిగిలాం. తప్పు చేశానా అక్కా అని అడిగాను. ఆమె గ్లాసులు ఒక్కొక్కటే పళ్లెంలో సర్దింది.

"లేదురా, నిజమే చెప్పావు. ఆ రోజు నేనూ ఇదే అడిగాను. ఆ రోజు కూడా చెప్పింది నువ్వే" అంది.

తర్వాత లోపలికి వెళ్లి మిషన్ ముందు కూర్చుంది. జూన్‌లో కాలువలు వదిలారు.