సుంకప్ప షెడ్డులో రాతిదుమ్ము పాట

బేతంచెర్లలో కరెంటు ఉన్నంతసేపూ బండలు కోసే మిషన్లు అరుస్తూనే ఉంటాయి. కరెంటు పోతే ఊరు సద్దుమణుగుతుంది గానీ గిటారు ఆంప్ కూడా చచ్చిపోతుంది. మరి రాక్ పాటలు రికార్డు చేసేదెప్పుడు? యేసుప్రసాద్ ఒక దారి కనిపెట్టాడు. అమావాస్య నాడు కూలీలు రారు, యజమానులు మిషన్లకు టెంకాయ కొట్టి ఇంటికి పోతారు. కరెంటుంటుంది, చప్పుడుండదు. తాను బండలకు పాలిష్ పట్టే చోట, యజమాని సుంకప్ప షెడ్డులోనే అట్లా నెలకో పాట చేసుకొచ్చాడు.

కర్నూలు బ్యాండులో పెళ్ళిళ్ళకు ఎవరెవరి పాటలో వాయించీ వాయించీ ఒళ్ళు మండి బయటికొచ్చిన మనిషి. నెలనెలా చేసిన ఈ పాటల ఆల్బం తనొక్కడిది. అమ్మ సంతోషమ్మ చర్చిలో పాడే పాత కీర్తనలు కొన్నింటిని గిటారు మీద గరగరలాడించాడు. మిగతావన్నీ సొంతం. ఒక్కటే మిగిలింది, రాతిదుమ్ము మీద కట్టిన పాట. ఆల్బం మొదలుపెట్టిందే దానికోసం. రికార్డు చేసిపెట్టే పాత బ్యాండు స్నేహితుడు భూపేష్ తెల్లారితే ల్యాప్‌టాప్‌తో సహా బెంగళూరు పోతున్నాడు.

ఆ అమావాస్య సాయంత్రం షెడ్డులో మైకు ముందు నోరు తెరిచాడో లేదో, షెడ్డు పక్కనే ఉన్న కోత మిషన్ గర్జించింది. యేసుప్రసాద్ బయటికి పరుగెత్తాడు.

“సుంకప్పన్నా, ఈ పొద్దు అమావాస్య కదా?”

“ఘడియలు పొద్దున్నే పోయినాయప్పా. క్యాలెండర్లో నల్లచుక్క చూస్తే చాలునా, కింద టైము చూడొద్దా? చర్చికి పోయేటోనివి, నీకేం తెలుస్తాది. లారీ వచ్చి నిలబడుండాది.”

నల్లచుక్క ఉంటే రోజంతా సెలవే అనుకున్నాడు. ఇన్నాళ్ళూ అదృష్టం కొద్దీ చెల్లింది.

“ఒక్క పాటన్నా. పాడుకోని పోతా.”

“సినిమా పాటొకటి పాడు, మావోళ్ళు ఇంటారు. అప్పుడాపుతా.”

“పాడు పోరా,” అన్నాడు వెనకే వచ్చిన భూపేష్. “లేదంటే ఇంకో కీర్తన పెట్టేద్దాం. దుమ్ము పాట ఎవడింటాడు? ఈడ అందరూ రోజూ తినేదే కదా.”

యేసుప్రసాద్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. పెళ్ళి పందిట్లో తాగినోడు అడిగిందల్లా పాడాడు. చర్చిలో పెద్దలు వద్దన్నది వాయించలేదు. తన ఊపిరితిత్తుల్లోని దుమ్ము గురించి పాడాలన్నా ముందు ఇంకొకడి పాటతో కప్పం కట్టాలా? షెడ్డులోకి తిరిగొచ్చి, గోడకున్న మెయిన్ స్విచ్ కిందికి లాగాడు.

మిషన్ ఆగింది. ఆంప్ కూడా ఆగింది.

“గిటారు పలకదు కదరా పిచ్చోడా.”

“నీ ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తాండాది కదా. మైకు దానికే ఉండాది. ఇటు తెచ్చి రికార్డు నొక్కు.”

ఆంప్ లేని గిటారు తీగలు ఎండు కంపలా చిటపటలాడాయి. గొంతు మాత్రం షెడ్డు రేకుల్ని తాకింది. సుంకప్ప అరుచుకుంటూ వచ్చాడు. యేసుప్రసాద్ స్విచ్‌బోర్డుకు వీపు ఆనించి, ఆయన ముఖంలోకి చూస్తూనే పాడాడు.

“తప్పుకోరా ఆడ్నించి. రేపట్నుంచి పనిలోకి రావద్దు.”

ఆ మాటా పాటలోకి ఎక్కింది. అతను ఆపలేదు. చివరి చరణం అయ్యాక స్విచ్ తానే పైకి నెట్టి, గిటారు భుజాన వేసుకున్నాడు.

రోడ్డెక్కాక భూపేష్ మెల్లగా అడిగాడు. “ఆయప్ప తిట్లు తీసేయాల్నా?”

“తీస్తే నీ ల్యాప్‌టాప్ తెచ్చి ఆ మిషన్ కింద పెడతా.”